పేరు కత్తిరించిన మాత్రల ముక్క

పుంగనూరులో ఒక మందుల అంగడిలో, మందు పేరు ఒక పక్కకూ మాత్రలు ఇంకో పక్కకూ వచ్చేటట్టు అట్టను కత్తెరతో కత్తిరించి, మా మేస్త్రీ చేతిలో పెట్టినారు. ‘రోజూ వాడే మాత్రలు ఏమన్నా ఉన్నాయా’ అని ఒక్క మాట అడగలేదు. మూడో రోజు కుప్పంలో ఆయనకు ఫిట్సు వచ్చినాయి. నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు ఆసుపత్రిలో పోయినాడు. గుండె ఆగి చనిపోయినాడని కాగితం రాసిచ్చినారు. చచ్చిపోయిన వాళ్ళందరికీ గుండె ఆగే ఉంటుంది. ఆయనది ఎందుకు ఆగిందో ఆ కాగితంలో లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఫోను వచ్చినప్పుడు నేను మదనపల్లెలో, పట్టుగూళ్ళ నుంచి దారం తీసే మా షెడ్డులో ఉన్నాను. రెండు చేతులూ వేడినీళ్ళ తొట్టిలో ఉంటే పక్కనామె ఫోను నా చెవి దగ్గర పెట్టింది. అవతల మేస్త్రీ భార్య. ఆమెను నేను పెద్దమ్మ అంటాను.

“అమ్మణ్ణీ, మీ మేస్త్రీ ల్యాడు మే,” అనింది.

నేను తొట్టిలో గూళ్ళను అట్లే వదిలేసి గోడకు ఆనుకొని కూర్చున్నాను. అవి ఉడికి ఉడికి మెత్తబడి, ఒక్కదానికీ కొస దొరక్కుండా పోయినాయి. ఆ పూట నా తొట్టి మొత్తం చెత్తకే పోయింది. ఆయన ఉండుంటే నా వంశాన్నంతా నిలబెట్టి తిట్టేవాడు.

నాకు పని నేర్పింది ఆయనే. పదో తరగతితో చదువు ఆపేసి, ఊర్లో అదీ ఇదీ చేసి, ఇరవై ఏళ్ళు నిండినాక రామసముద్రం పక్క మా ఊరి నుంచి బస్సెక్కి ఆ షెడ్డుకు వచ్చినాను. గూడు చూస్తే వేలెడంత ఉంటుంది. దాంట్లో పోగు మాత్రం ఒకటే, తెగకుండా చాలా దూరం వస్తుంది. గూళ్ళను ఉడికించి, పైపొరలు లాగేసి, అసలు కొస పట్టుకోవాలి. అట్లాంటి కొసలు ఎనిమిది కలిపితే ఒక దారం. ఒక గూడు అయిపోగానే ఇంకో కొస అందించాలి. ఆ కొస వెంట్రుక కంటే సన్నం. మేస్త్రీ దాన్ని చూసేవాడు కాదు. నీళ్ళలో వేళ్ళు ఆడిస్తే అదే వచ్చి తగులుకునేది.

“గూటితో కొట్లాడొద్దు మే. కొస దొరికే దాకా ఓపిక పట్టు, ఆ పైన అదే వస్తాది,” అనేవాడు.

మొదటి వారం నా వేళ్ళు బొబ్బలెక్కినాయి. అప్పుడు గమనించినాను, ప్రతి తొట్టి కుడిపక్కన ఒక గిన్నెలో చల్లనీళ్ళు ఉండేవి. వేడినీళ్ళలో నుంచి తీసిన వేళ్ళు ముంచుకోవడానికి. ఆ గిన్నెలు ఎవరు నింపుతారో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ముందర బస్సుకు వచ్చి చూస్తే మేస్త్రీ బకెట్టు పట్టుకొని, రొప్పుకుంటూ, వరసగా పోసుకుంటూ పోతున్నాడు. ముప్పై ఏళ్ళు మేస్త్రీగా ఉన్న మనిషి! అది ఆయన పని కాదు. ఎవరి పనీ కాదు కాబట్టే ఆయన చేసేవాడు.

ఒకసారి నాకు దారం తెగింది. ముడి వేయకుండా రెండు కొసలనూ చుట్టలోకి తోసేసినాను. సాయంత్రం ఆయన ఆ చుట్ట మీద బొటనవేలు ఆనించి లాగి, సరిగ్గా ఆ చోట ఆపినాడు.

“ఇదేంది?”

“తెగిపోయింది మేస్త్రీ.”

“తెగితే తెగనీలే, దానికేమి. యాల దాస్తివి? నువ్వు ఈడ దాస్తే ఆడ మగ్గం కాడ నేసేవోడు ఏడవాల. తెగినప్పుడు ముడెయ్యి. ముడేసినానని సెప్పు. అంతే మే మన పనిలో నాయం.”

ఈ మాటను ఇక్కడ ఊరికే రాయలేదు. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆవిరి, ఉడికిన పురుగుల వాసన, ఎండిన గూళ్ళ దుమ్ము. ఇవన్నీ కలిసి ఆయనకు ఆయాసం తెచ్చినాయి. ఎప్పుడో చాలా ఏళ్ళ కిందట కుప్పంలో ఒక డాక్టరు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమని మాత్ర రాసినాడంట. ఆ చీటీ ఎప్పుడో చినిగిపోయింది. ఆ తర్వాత ఖాళీ అట్టే చీటీ అయింది. ఖాళీ అట్ట చూపిస్తే అంగడాయన కొత్త అట్ట ఇస్తాడు. మన పక్క ఇంటింటా జరిగేది ఇదే. ఇది చదివే మీ ఇంట్లో కూడా అట్లాంటి ఖాళీ అట్ట ఒకటి ఉంటుంది, పోయి చూసుకోండి.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఆయన ఊరు. ఆ ఇంట్లో వాకిలి పక్కన గోడకు వంచిన కమ్మీ ఒకటి వేలాడుతుంది. కరెంటు బిల్లు, బ్యాంకు చీటీ, ఏ కాగితం వచ్చినా దానికి గుచ్చేవాడు. ఖాళీ మాత్రల అట్టలు కూడా గుచ్చేవాడు. నేను ఎప్పుడు పోయినా కొత్త అట్ట నా చేతికిచ్చి, “సదువుకున్నదానివి, తేదీ సూసి పెట్టు,” అనేవాడు.

“పేరు కూడా సదవనా మేస్త్రీ?”

“పేరు వొద్దులే. పేరు అంగడోనికి తెలుసు.”

నేను తేదీ చదివేదాన్ని. ఆరేళ్ళు తేదీ మాత్రమే చదివినాను.

బీడీ సంగతి చెప్పాలి. ఆయాసం మనిషికి రోజుకు కట్ట బీడీలు! నేను ఊరుకునేదాన్ని కాదు.

“ఒక పక్క మాత్ర మింగుతావు, ఒక పక్క బీడీ పీలుస్తావు. నువ్వు ఎవురి పక్క ఉండావు మేస్త్రీ?”

“మధ్యలో ఉండా మే. రెండిటికీ పంచాయితీ సేస్తాండా.”

షెడ్డంతా నవ్వేది. మొన్న ఎండాకాలం ఒక పొద్దున ఆయన బస్సు మెట్టు ఎక్కలేక కమ్మీ పట్టుకొని నిలబడిపోయినాడు. వెనక జనం అరుస్తున్నారు. ఆ రోజు షెడ్డులోకి పోగానే ఆయన నింపిన చల్లనీళ్ళ గిన్నె ఎత్తి నేలకు పోసేసినాను.

“నువ్వు బీడీ మానేదాకా నీ సల్లనీళ్ళు నాకొద్దు.”

“మానకపోతే?”

“నా యేళ్ళు కాలిపోనీ.”

రెండు రోజులు అట్లే చేసినాను. నిజంగానే కాలినాయి. మూడో రోజు ఆయన నా తొట్టి దగ్గరికి వచ్చి, సగం అయిపోయిన బీడీ కట్టా అగ్గిపెట్టే నా ఒడిలో వేసినాడు. “ఇందా. నీ మొండితనం మండిపోనూ. ముందర యేళ్ళు సల్లబర్సుకో,” అని గిన్నె పెట్టి పోయినాడు. ఆ తర్వాత ఒక్క బీడీ కూడా ముట్టలేదు. నేను గెలిచినానని ఊరంతా చెప్పుకున్నాను.

వారం తిరక్కముందే ఆయనకు చేతులు వణకడం మొదలైంది. తిన్నది కడుపులో నిలిచేది కాదు, నిద్ర పట్టేది కాదు. “గుండెకాయ రైలు మాదిరి కొట్టుకుంటాండాది,” అనేవాడు. అందరమూ ఒకే మాట అన్నాము: నలభై ఏళ్ళ బీడీ ఊరికే పోతుందా, వణికించే పోతుంది. నేను కూడా అన్నాను. నీరసంగా ఉందంటే కాఫీ తెప్పించి ఇచ్చినాను, రెండు పూటలా. నీళ్ళలో వేళ్ళు ఆడిస్తే కొసలు అందేవి కావు.

“ఏం మేస్త్రీ, కొసను నువ్వు పట్టుకుంటావా, నిన్ను కొస పట్టుకుంటాదా?” అని పక్కనామె ఎగతాళి చేస్తే, “ఇద్దురమూ ఎతుక్కుంటాండాంలే,” అని నవ్వినాడు, మేమూ నవ్వినాము. తర్వాత తువ్వాలు కింద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. తెగింది దాచొద్దన్న మనిషి దాచుకున్నాడు. నేను చూసినాను. చూసి అడగలేదు.

ఆ మీద ఒంటికి పోయేటప్పుడు మంట, జ్వరం. పుంగనూరు అంగడిలో చెప్తే అంగడాయన పది మాత్రల అట్ట తీసి, ఆరు కత్తిరించి, “పొద్దున ఒగటి, రాత్రికొగటి,” అని ఇచ్చినాడు. మేస్త్రీ, పెద్దమ్మ కుప్పంలో కూతురింటికి పోయినారు. ఐదు మాత్రలు వేసుకున్నాక ఫిట్సు.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి చూసిందంట. ఏమేం మాత్రలు వేసుకుంటున్నాడని అడిగితే పెద్దమ్మ కొంగు ముడి విప్పి ఆ ముక్క చూపించింది. ఒక మాత్ర మిగిలున్న ముక్క. దాని మీద పేరు లేదు. పేరు అంగట్లో మిగిలిన ముక్క మీద ఉండిపోయింది.

“ఇదొక్కటేనా అమ్మా?”

“ఇదొగటే తల్లీ.”

మరుసటి రోజు తెల్లవారినాక పెద్దమ్మ నర్సును అడిగింది, “ఆయన దినామూ ఏసుకునేది ఇచ్చేదా, వొద్దా?” అని. అప్పుడు బయటపడింది సంచిలోని ఆయాసం మాత్రల అట్ట. డాక్టరమ్మ తల పట్టుకుని, “నిన్న అడిగితే చెప్పలేదేమమ్మా?” అంటే, పెద్దమ్మ బిత్తరపోయి, “అది మందు కాదు కదమ్మా, దినామూ ఏసుకునేదే,” అనింది.

ఈ మాటకు పెద్దమ్మను తప్పు పట్టేవాళ్ళు ముందు నాతో మాట్లాడండి. జ్వరానికి వేసుకుంటే మందు. రోజూ వేసుకుంటే అది సంగటి మాదిరి, కాఫీ మాదిరి. బీపీ మాత్రైనా, షుగరు మాత్రైనా మా ఇళ్ళల్లో అంతే. ఇది తెలియనిది ఎవరికి? రోజూ మాకు మందులు అమ్మేవాళ్ళకు కూడా తెలియదా?

పదకొండో దినం అయినాక నేను కుప్పం పోయి ఆ డాక్టరమ్మ కోసం రెండు గంటలు బయట కూర్చున్నాను. తన తిండి టైములో పిలిచి మాట్లాడింది. ఆ మర్యాద మరిచిపోను.

“ఆయన వాడింది థియోఫిలిన్. మొదట తేయాకులో కనిపెట్టిన పదార్థం. మన కాలేయంలో ఒక ఎంజైము ఉంటుంది, సీవైపీ వన్ ఏ టూ అంటారు. ఈ మందుకు ఆక్సిజన్ తగిలించి, ఒంట్లో నుంచి బయటికి పోయేలా మార్చడం ముఖ్యంగా దాని పని. కాఫీలో కెఫీన్‌ను కూడా అదే చూసుకుంటుంది,” అని చెప్పి, “ఆయన బీడీ తాగేవాడా?” అని అడిగింది.

“మానేసినాడు. నేనే మానిపిచ్చినా.”

ఆమె తింటున్న డబ్బాకు మూత పెట్టేసింది.

“పొగ తాగేవాళ్ళలో ఆ ఎంజైము ఎక్కువ తయారవుతుందమ్మా. మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది. అందుకని వాళ్ళకు డోసు ఎక్కువ పడుతుంది. పొగ మానేసిన కొన్ని రోజులకే ఎంజైము తగ్గిపోతుంది. అప్పుడు డోసు కూడా తగ్గించాలి.”

“ఎవురు తగ్గియ్యాల?”

“చూసే డాక్టరు.”

“సూసే డాక్టరు యాడుండాడు మేడం? ఖాళీ అట్ట ఉండాది, అంతే.”

ఆమె వేళ్ళు మడిచి లెక్కబెట్టింది. వణుకు, వాంతులు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ, అన్నీ ఆ మందు ఒంట్లో ఎక్కువైన గుర్తులే అనింది. దాని మీద అంగడాయన ఇచ్చింది, మిగిలిన మాత్ర ఆకారమూ, మంటకు ఇచ్చిందీ బట్టి చూస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అంట. అది ఆ ఎంజైమును పని చేయనీకుండా అడ్డుకుంటుందంట. “రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష బయటికి పంపాలి. అంతలోనే ఆయన పోయినాడు. కాబట్టి ఇదే కారణమని రాసివ్వలేను. నన్నడిగితే మాత్రం నాకు వేరే అనుమానం లేదు,” అనింది.

“నేను బీడీ మానిపిచ్చింది తప్పా మేడం?”

“మానిపించి మంచిపని చేసినావు. మానినాడని డాక్టరుకు చెప్పుండాల్సింది.”

తిరుగు బస్సులో నాకు అర్థమయింది, మా షెడ్డు లెక్కలో. ఆ ఎంజైము తొట్టి ముందర కూర్చున్న ఒకామె అనుకోండి. రోజుకు రెండు సార్లు గంపెడు గూళ్ళు ఆమె ముందర పోస్తారు. మొదట ఆమె చేతుల్లో బలం సగం తీసేసినారు. తర్వాత రెండు చేతులూ కట్టేసినారు. గూళ్ళు పోయడం మాత్రం ఎవరూ ఆపలేదు.

నేరుగా పుంగనూరులో దిగినాను. పెద్దమ్మ ఇచ్చిన ఆ ముక్కను అంగట్లో బల్ల మీద పెట్టి, “ఇవే నాలుగు కావాల,” అన్నాను. ఎవరికి, ఎందుకు, ఏం జబ్బు, ఏమీ అడగలేదు ఆ మనిషి. సొరుగు లాగి, కత్తిరించిన ముక్కల్లో వెతికి, ఒక నాలుగు మాత్రల ముక్క తీసిచ్చినాడు. రెండూ పక్కపక్కన పెట్టినాను. కత్తెర వంకరగా పోయిన చోట అతుక్కున్నాయి. మందు పేరు మొత్తం కనిపించింది, డాక్టరమ్మ చెప్పిందే. మేస్త్రీ అట్టలో మిగిలిన సగమే అది. ఆయన పోయినాడు, ఆ నాలుగు మాత్రలు ఇంకా అమ్మకానికి ఉన్నాయి.

“దీని లోపల కాగితం ఉంటాది కదన్నా, అదియ్యి,” అన్నాను.

“ఏం కాగితం?”

“డబ్బాలో మడిచి పెట్టింటారే, అది.”

“ఆ పొడుగు కాగితమా? ఎవురు సదువుతారు మే దాన్ని? పారేసేదే.”

“నేను సదువుతా.”

కాళ్ళ దగ్గర అట్టపెట్టెలో నుంచి ఒకటి తీసి విసిరినాడు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు, ఫోనులో అర్థాలు చూసుకుంటూ నేర్చుకున్నాను. బల్ల దగ్గర నిలబడే వెతికినాను. ఉంది. థియోఫిలిన్ వాడేవాళ్ళకు ఇస్తే అది రక్తంలో పెరుగుతుందనీ, ఫిట్సు వస్తాయనీ, ప్రాణాపాయం కూడా ఉందనీ అచ్చేసి ఉంది. గట్టిగా, తెలుగులో చెప్పుకుంటూ చదివినాను. మాత్రల కోసం వచ్చిన ఇద్దరు వెనక్కి జరిగినారు.

“నువ్వేమన్నా డాక్టరువా?” అన్నాడు అంగడాయన.

“దారం తీసేదాన్ని.”

“అయితే పోయి దారం తీసుకో.”

అన్నా, పోయినాను. తీస్తానే ఉన్నాను. కొస దొరికింది, ఇంక వస్తానే ఉంటుంది.

ముందు నా ముడి నేను వేస్తాను. బీడీ మానిపించినదాన్ని, మానినాడని ఒక డాక్టరుతో చెప్పించాలని నాకు తోచలేదు. వణికే చేతులను చూసి నవ్వినాను. కాఫీ తాపించినాను. ఆరేళ్ళు తేదీ చదివి, పేరు చదవలేదు. తెగింది నా చేతిలో కూడా. దాచడం లేదు. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆయన పేరు ఆయన వాళ్ళది, నాకు ఆయన మేస్త్రీ.

ఇప్పుడు నీ వంతు, అంగడన్నా. ఇది అచ్చయిన రోజే నేనే తెచ్చి నీ బల్ల మీద పెడతాను, కాబట్టి చూడలేదని చెప్పొద్దు. చీటీ లేకుండా ఆ మాత్రలు ఎట్లా ఇచ్చినావు? ‘రోజూ ఏసుకునేవి ఏమన్నా ఉండాయా’ అని అడగడానికి నీకు నోరు ఎందుకు రాలేదు? ఇకనుంచి అడుగుతావా లేదా? ముక్క కత్తిరిస్తే పేరు కొనేవాని చేతికి వచ్చేటట్టు ఇస్తావా లేదా? ఆ పొడుగు కాగితాన్ని చెత్తలో వేయకుండా చేతిలో పెడతావా లేదా? నోటితో చెప్తే కుదరదు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇయ్యాల.

వచ్చే పౌర్ణమికి మేస్త్రీకి నెల మాసికం. ఆ రోజు పొద్దున పదకొండు గంటల దాకా నీకు గడువు. పెద్దమ్మ ఇంట్లో వాకిలి పక్కన ఆ కమ్మీ ఇంకా అట్లే వేలాడుతుంది. ఖాళీ అట్టలన్నిటి మీదా, చివరగా, ఆరు మాత్రల ముక్కనూ నాలుగు మాత్రల ముక్కనూ పేరు కలిసేటట్టు నేను గుచ్చినాను. కమ్మీ కొసన ఇంకొక కాగితానికి చోటు ఉంది. పదకొండు గంటలకు ఆ చోటు ఖాళీగా ఉంటే, కమ్మీతో సహా తీసుకొని కలెక్టరు ఆఫీసుకు పోయే బస్సు ఎక్కుతాను.